ఊదుగొట్టం పట్టిన ఊపిరి



కోనసీమలో మా పెద్దమ్మ వంటింట్లో, పొయ్యి పక్కన గోడకు ఆనించి ఒక ఊదుగొట్టం ఉండేది. మూరెడు ఇనప గొట్టం. నోరు ఆనే కొస నునుపుతేలి మెరిసేది, రెండో కొస మసిబారి ఉండేది. వానాకాలంలో కొబ్బరి డొక్కలు, మట్టలు తడిశాయంటే పొయ్యి ఓ పట్టాన రాజుకోదు. పెద్దమ్మ ముందుకు వంగి, బుగ్గలు పూరించి ఊదేది. మంట లేచేలోగా ఇల్లంతా పొగ. ఊదిన ఊపిరికి బదులు మళ్లీ ఊపిరి తీసుకోవాలి కదా. ఆ తీసుకునేది పొగలోంచే. రోజుకు రెండు మూడు సార్లు, కాపురానికి వచ్చిన పదహారో ఏటి నుంచి అరవయ్యో ఏటి దాకా అదే పని.

పెదనాన్న లంక చుట్ట తాగేవాడు. పెద్దమ్మ చుట్ట ముట్టిన మనిషి కాదు. అరవై దాటాక ఇద్దరికీ ఆయాసం పట్టుకుంది. కాలవగట్టు నుంచి ఇంటికి వచ్చేలోపు రెండుచోట్ల నిలబడిపోయేవారు. రాత్రిళ్లు పిల్లికూతలు, తెల్లారితే కళ్లె. ఆయనది చుట్ట వల్లేనని ఊరందరికీ తెలుసు. ఆవిడది మాత్రం వయసు మీద పడటమే అనుకున్నారు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, రోజుకు చుట్టలెన్ని అని పెదనాన్నను అడిగారు. పొయ్యి సంగతి పెద్దమ్మను అడగలేదు. నేను వైద్య విద్యార్థులకు జీవరసాయన శాస్త్రం పాఠం చెప్పేవాణ్ణి. ఆ రోజు పక్కనే ఉన్నాను. నాకూ ఆ ప్రశ్న తట్టలేదు.

ఆ తట్టని ప్రశ్న దగ్గరికి నన్ను చేర్చింది నెత్తురు. దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు, డాక్టర్లు సీవోపీడీ అనేది, నెత్తుట్లో ఎలాంటి జాడ వదులుతుందో, ఆ జాడ ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో ఈ పూట మీతో మాట్లాడతాను.

మన భాషలో ఊపిరితిత్తి అన్న మాటే చక్కటి పాఠం. కమ్మరి కొలిమి దగ్గర తోలుతిత్తి ఉంటుంది. సాగాలి, మళ్లీ ముడుచుకోవాలి. ముడుచుకునే గుణం పోయిన తిత్తిలోకి గాలి వెళుతుంది కానీ, సరిగా బయటికి రాదు. సీవోపీడీ సరిగ్గా అదే. ఆయాసపడే మనిషికి గాలి అందడం లేదని మనం అనుకుంటాం. అసలు ఇబ్బంది లోపలి గాలి పూర్తిగా వదలలేకపోవడంలో ఉంది. పాతగాలి లోపల నిండి ఉంటే కొత్తగాలికి చోటేదీ?

ఈ తిత్తుల్లో కోట్ల కొద్దీ గాలిగదులుంటాయి. కూర్చుని ఉన్న మనిషిలో గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల నెత్తురును వాటి చుట్టూ తిప్పుతుంది. ఒంట్లో ఉన్న నెత్తురే దాదాపు అంత. అంటే నిమిషానికోసారి మన నెత్తురంతా ఊపిరితిత్తులను పలకరించి వస్తుందన్నమాట. అక్కడ నిప్పు అంటుకుంటే దాని వాసన నెత్తుటికి అంటకుండా ఎలా ఉంటుంది?

వాసన అన్నాను. ఆ మాట ఊరికే అనలేదు. పాత పల్లీనూనె మూత తీస్తే ముక్కవాసన కొడుతుంది. గాలిలోని ఆక్సిజన్ నూనెలోని కొవ్వు ఆమ్లాల మీద పడి వాటిని ముక్కలు చేస్తే పుట్టే వాసన అది. అన్ని నూనెలూ ఒకే తీరున ముక్కిపోవు. కొబ్బరినూనెలోది ఎక్కువగా గట్టికొవ్వు, ఆక్సిజన్‌కు అంత తేలిగ్గా లొంగదు. ఆవకాయకు పప్పునూనే కావాలని మన పెద్దవాళ్లు పట్టుబట్టింది రుచి కోసం అనుకుంటాం. ఆ నూనె తీసే నువ్వుల్లో సెసమాల్ వంటి పదార్థాలున్నాయి. అవి ఆక్సిజన్ దెబ్బను తాము కాచుకుని నూనెను కాపాడతాయి. ఏడాది జాడీలో ఉన్నా ఆ నూనె చెడకపోవడంలో వాటి పాలు ఉంది. యాంటీ ఆక్సిడెంట్ అన్న మాట ఇప్పుడు పళ్లరసం డబ్బాల మీద కూడా కనిపిస్తోంది. మన ఆవకాయ జాడీ దాన్ని ఎప్పుడో ఎరుగును.

మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. అది పల్చటి కొవ్వు, తేలిగ్గా ముక్కిపోయే రకం. దాన్ని కాచుకోవడానికి ఒంటికీ కాపలాదారులున్నారు. గ్లూటథయోన్, విటమిన్ సి, విటమిన్ ఇ, సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైము. ఈ ఎంజైము చేసే పనిని 1969లో అమెరికాలో మెకార్డ్, ఫ్రిడోవిచ్ అనే ఇద్దరు బయటపెట్టారు. దాడి చేసేవాటిని ఫ్రీ రాడికల్స్ అంటాం. ఒక ఎలక్ట్రాన్ జత తప్పిన అణువులు ఇవి. జత కోసం పక్కదాని ఎలక్ట్రాన్‌ను లాక్కుంటాయి, అప్పుడు ఆ పక్కది జత తప్పుతుంది. అలా వరసగా సాగుతుంది. దాడి పెరిగి, కాపలా చాలకపోయిన స్థితికి ఆక్సిడేటివ్ స్ట్రెస్ అని పేరు. ఒంట్లో కొవ్వు ముక్కిపోవడం, మాంసకృత్తులు తుప్పుపట్టడం అని చెప్పుకుంటే తప్పులేదు.

పొగలో ఈ రాడికల్స్ ఎన్ని? 1985లో లూసియానాలో చర్చ్, ప్రయర్ అనే శాస్త్రవేత్తలు సిగరెట్ పొగ గురించి లెక్క రాశారు. ఒక్క దమ్ములో, 1 పక్కన 15 సున్నాలు పెట్టినంత. ఒక్క దమ్ముకు! చుట్టకైనా, కట్టెల పొయ్యికైనా, పొగ అన్నది ఆకునో పుల్లనో సగం కాల్చగా వచ్చిందే.

అయితే పొగ మానేసినా జబ్బు ఎందుకు ఆగిపోదని చాలామంది అడుగుతారు. పెదనాన్న కూడా అడిగాడు, చుట్ట మానేసిన ఏడాదికి. పొగ పోయినా, దాన్ని ఎదుర్కోవడానికి వచ్చిన తెల్లకణాలు పోవు. అవి ఊపిరితిత్తుల్లో మకాం వేసి, క్రిములను చంపడానికి వాడే ఆయుధాలనే అక్కడ కురిపిస్తుంటాయి. ఆ ఆయుధాలూ సూపరాక్సైడు, హైడ్రోజన్ పెరాక్సైడు లాంటివే. ఇంకో నష్టం కూడా ఉంది. తెల్లకణాలు వదిలే ఎలాస్టేజ్ అనే ఎంజైము తిత్తి గోడల్లోని సాగే పీచును కొరికేస్తుంది. దాన్ని అడ్డుకునేందుకు కాలేయం ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే కావలి మాంసకృత్తును తయారుచేసి నెత్తుటిలో పంపుతుంది. పొగలోని ఆక్సిడెంట్లు ఈ కావలిలో ఒకే ఒక్క కీలకమైన చోట, మెథియొనిన్ అనే అమైనో ఆమ్లాన్ని, తుప్పు పట్టిస్తాయి. కావలి ఉంటుంది కానీ చెయ్యి ఆడదు. పీచు తెగుతుంది, తిత్తి వదులైపోతుంది. తెగిన పీచు మళ్లీ అతకదు. కాబట్టి పొగ మానేస్తే పోయిన ఊపిరి తిరిగి రాదు, పోవడం మాత్రం నెమ్మదిస్తుంది. లండన్‌లో పనివాళ్లను ఏళ్ల తరబడి పరీక్షించి ఫ్లెచర్, పీటో 1977లో చూపించింది ఇదే. మానేసినవాళ్ల ఊపిరి తగ్గే వేగం పొగ తాగనివాళ్ల వేగానికి దగ్గరగా వచ్చింది. నా దృష్టిలో అది చిన్న లాభం కాదు. అరవయ్యో ఏట మానినవాడికి కూడా డెబ్భైలో తన స్నానం తాను చేయగలగడానికి అదే ఆధారం.

ఇక నెత్తుటి పరీక్ష దగ్గరికి వద్దాం. కొవ్వు ముక్కిపోయినప్పుడు మలోండైఆల్డిహైడ్ అనే చిన్న పదార్థం పుడుతుంది. ప్రయోగశాలలో ఎం.డి.ఏ. అంటాం. ఊళ్లలో ఏటా బోదకాలు మాత్రలు మింగించే కార్యక్రమానికీ ఇదే పొట్టిపేరు. అది వేరు, ఇది వేరు. నెత్తురు తీసి, పైన తేలిన సీరంలో థయోబార్బిట్యూరిక్ ఆమ్లం కలిపి, మరిగే నీళ్లలో గొట్టాన్ని కాసేపు ఉంచితే గులాబీరంగు తేలుతుంది. రంగు ఎంత చిక్కనైతే కొవ్వు అంత ముక్కిపోయిందని లెక్క. ఈ ఆమ్లంతోనే పాలు, నూనెలు, మాంసం చెడాయో లేదో కూడా చూస్తారు. వంటింటి పోలిక ఇందాక అందుకే తెచ్చాను.

రంగును బట్టి నెత్తుట్లో ఏముందో కొలవడం అంటే మన గోదావరివాళ్లకు ఒక పేరు గుర్తుకు రావాలి. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకుని, 1922లో బోస్టన్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన, అక్కడి సహపరిశోధకుడు ఫిస్కే కలిసి 1925లో నెత్తుట్లో, మూత్రంలో భాస్వరాన్ని నీలిరంగు చిక్కదనంతో కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని ప్రపంచంలో జీవరసాయనం చదివిన ప్రతి విద్యార్థీ దాన్ని నేర్చుకున్నాడు. నేనూ గొట్టాల వరస పెట్టుకుని ఆ నీలం తేలేదాకా ఊపిరి బిగబట్టి చూసినవాణ్ణే. కంటికి కనపడని దాన్ని రంగుగా మార్చి కంటికి చూపించడం, నాకు మా శాస్త్రంలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి.

ఒకరోజు పెద్దమ్మ, పెదనాన్నల నెత్తురు తీయించి మా ప్రయోగశాలకు పట్టుకెళ్లాను. పోల్చడానికి నాది కూడా. మూడు గొట్టాలు పక్కపక్కన పెట్టాను. నాది లేత గులాబీ. పెదనాన్నది చిక్కటి గులాబీ, అనుకున్నదే. పెద్దమ్మది చూసి నేను గొట్టం మీద రాసిన పేరును రెండోసారి చదువుకున్నాను. ఇద్దరి రంగూ ఇంచుమించు ఒక్కటే. చుట్ట ముట్టని మనిషి నెత్తుట్లో ఈ రంగు ఎక్కడిది? అప్పుడు నా కళ్లముందు ఊదుగొట్టం కదిలింది.

మూడు గొట్టాలతో శాస్త్రం కాదు, అది నాకు తెలుసు. అయితే ఎందరో శాస్త్రవేత్తలు ఎన్నో దేశాల్లో చూసింది కూడా ఈ దిశగానే ఉంది. 1996లో ఎడిన్‌బరోలో ఇర్ఫాన్ రెహ్మాన్, విలియం మెక్‌నీ బృందం ఒక సంగతి రాసింది. సీవోపీడీ ముదిరి ఆస్పత్రిలో పడ్డ రోజుల్లో రోగుల నెత్తుట్లో కాపలా శక్తి పడిపోతుంది. సీవోపీడీ ఉన్నవాళ్లలో ఎం.డి.ఏ. హెచ్చుగా, గ్లూటథయోన్ తక్కువగా కనిపించడం చాలా పరిశీలనల్లో వచ్చిన మాట. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ విషయంలో మాత్రం ఒకచోట పెరిగిందని, ఇంకోచోట తగ్గిందని రాశారు. ఆశ్చర్యం లేదు. దాడి మొదట్లో ఒళ్లు కాపలా పెంచుకుంటుంది, ఏళ్లు గడిచేసరికి అలిసిపోతుంది.

ఈ జాడల్లో నాకు కనపడే పెద్ద విశేషం, ఈ జబ్బు ఛాతీలో మాత్రమే ఉండదని తెలియడం. సీవోపీడీ ఉన్నవాళ్లు బక్కచిక్కిపోతారు, తొడల కండ కరిగిపోతుంది, గుండెజబ్బు తోడవుతుంది, ఎముకలు గుల్లబారతాయి. లోపల అంటుకున్నది నెత్తుట్లో ఒళ్లంతా తిరుగుతోందంటే ఇవన్నీ ఒక తాటి మీదికి వస్తాయి.

ఇంత చెప్పి, ఈ పరీక్ష మీరు చేయించుకోకండి అంటున్నాను. కారణం ఉంది. చక్కెర జబ్బులో ఎం.డి.ఏ. పెరుగుతుంది. గుండెజబ్బులో, జ్వరంలో పెరుగుతుంది. సూది సరిగా పడక ఎర్రకణాలు చితికితే పెరిగినట్టు కనిపిస్తుంది. నెత్తుట్లోని కొన్ని చక్కెరలు కూడా ఆ ఆమ్లంతో రంగు తేలుస్తాయి. ఒక ప్రయోగశాల అంకెకు ఇంకో ప్రయోగశాల అంకెకు పొత్తు కుదరదు. కాబట్టి ఏ వైద్య మార్గదర్శకాల్లోనూ సీవోపీడీ తేల్చడానికి దీన్ని వాడమని లేదు. పరిశోధకుడికి ఇది దారిదీపం. మీ జేబులో డబ్బులకు ఇది సరైన ఖర్చు కాదు.

యాంటీ ఆక్సిడెంట్ మాత్రల సంగతీ చెప్పాలి. కాపలా తగ్గితే కాపలా మింగేద్దాం అనిపించడం సహజం. ఫిన్లండ్‌లో సిగరెట్ తాగే 29,133 మంది మగవాళ్ల మీద విటమిన్ ఇ, బీటా కెరోటిన్ ప్రయోగించి 1994లో ఫలితం వెల్లడించారు. బీటా కెరోటిన్ మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. మునగాకు పప్పు, ఉసిరికాయ, జామపండు తినండి, అది తిండి. తిండిని బిళ్ల చేసి మింగితే అదే మేలు జరుగుతుందన్న ధీమా ఆ ఫలితం తర్వాత నాకు పోయింది. ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే మందు గ్లూటథయోన్ తయారీకి ముడిసరుకు. చైనాలో 2014లో వచ్చిన ఫలితాల్లో అది జబ్బు ముదిరే సందర్భాలను తగ్గించింది. యూరప్‌లో 2005లో వచ్చిన ఫలితాల్లో ఊపిరి తగ్గే వేగాన్ని ఆపలేకపోయింది. అది డాక్టరు చూసి రాయాల్సిన మందు.

మరి నెత్తుటి పరీక్షలేవీ పనికిరావా? పనికొస్తాయి, అందులో ఒకటి మన ఇళ్లలో అందరికీ పరిచయమే. ఇస్నోఫీలియా అని మనం పలికే మాట వెనక ఎసినోఫిల్ అనే తెల్లకణం ఉంది. సీవోపీడీ తరచు ముదురుతున్న మనిషిలో మైక్రోలీటరు నెత్తుటికి అవి 300 గానీ అంతకు మించి గానీ ఉంటే, పీల్చే స్టెరాయిడ్ మందు బాగా ఆదుకుంటుంది. 100 లోపుంటే పెద్దగా ఉపయోగం ఉండదు. మామూలు రక్తపరీక్షలోనే తేలే లెక్క ఇది. అవి 3,000 దాటి, రాత్రిపూట దగ్గు తెరలు తెరలుగా వస్తుంటే అది వేరే జబ్బు కావచ్చు. బోదకాలు పురుగు పిల్లలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో చిక్కుకుంటే ఒళ్లు తిరగబడే జబ్బు ఒకటుంది, గోదావరి డెల్టాలో దాన్ని మరవకూడదు. దానికి మందు డైఇథైల్ కార్బమజైన్. లెడర్లీ కంపెనీలో సుబ్బారావు నడిపిన బృందం 1947లో హెట్రజాన్ పేరుతో లోకానికి అందించిన మందు. భీమవరం బిడ్డ అమెరికాలో చేసిన పని మళ్లీ భీమవరం ఊపిరిని కాపాడటానికి వచ్చింది. ఆయన ఆ మరుసటి ఏడాది, 1948లోనే పోయారు.

డెల్టాలో పొగ ఒక్క చోటే లేదు. గోదావరి లంకల్లో చుట్టపొగాకు ఉంది. 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థను రాజమండ్రిలోనే పెట్టారంటే ఆ పంట ఇక్కడ ఎంత వేళ్లూనుకుందో తెలుస్తుంది. మెరకన జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, దేవరపల్లి వైపు వర్జీనియా ఆకు కాల్చే బ్యారన్లలో రాత్రంతా కట్టె ఎగదోసే కూలీలున్నారు. మిల్లుల్లో ఊక కాలుతుంది, ఆ బూడిద డాబాల మీద ఆరేసిన బట్టలకు అంటుతుంది. నూర్పిళ్ల దుమ్ము, చేలో తగలబెట్టిన గడ్డి, ఇటుక బట్టీలు. దేశం మొత్తంలో 2016 నాటికి ఐదున్నర కోట్ల మందికి సీవోపీడీ ఉన్నట్టు అంచనా వేశారు. ఆ జబ్బు మోపిన బరువులో పొగాకు వాటా సుమారు పావు వంతే. మిగతా బరువులో పెద్దభాగం గాలి కాలుష్యానిది, ఇంట్లోదీ బయటదీ కలిపి. చుట్టలెన్ని అన్న ఒక్క ప్రశ్నతో ఆగిపోతే ఎంతమంది లెక్కలోంచి జారిపోతారో చూడండి. జారిపోయేవాళ్లలో పెద్దమ్మ లాంటి ఆడవాళ్లు ఎందరో.

1999లో దీపం పథకంతో గ్యాసు పొయ్యి చాలా ఇళ్లకు వచ్చింది. వంట మారింది. పెరట్లో నీళ్లపొయ్యి మాత్రం చాలా ఇళ్లలో ఇంకా మట్టలతోనే మండుతోంది. సిలిండరు ఖరీదు తెలిసినవాళ్లను దానికి నేను తప్పుపట్టలేను. అది ఆరుబయట ఉండాలి, గాలి ఇంట్లోకి తోలని వైపు ఉండాలి. చైనాలో షువాన్‌వై అనే చోట బొగ్గుపొయ్యిలకు పొగగొట్టాలు పెట్టించిన ఇళ్లలో సీవోపీడీ తగ్గిందని 2005లో ప్రకటించారు. ఆడవాళ్లలోనూ తగ్గింది, మగవాళ్లలోనూ తగ్గింది.

గులాబీరంగు చూసిన వారానికి పెద్దమ్మను స్పైరోమెట్రీకి తీసుకెళ్లాను. సీవోపీడీని తేల్చేది ఈ పరీక్షే. పీల్చే మందు ఇచ్చి, కాసేపాగి, గొట్టంలోకి బలంగా ఊదిస్తారు. మొత్తం వదిలిన గాలిలో మొదటి సెకనులోనే నూటికి డెబ్భై వంతులన్నా బయటికి రావాలి. అంతకు తగ్గితే తిత్తి దారి ఇరుకైందని అర్థం.

అక్కడి అబ్బాయి గొట్టం చేతికిచ్చి, "పొయ్యి ఊదినట్టు ఊదాలండి, ఆపకూడదు," అన్నాడు. చాలామందికి రెండు మూడుసార్లు నేర్పాలి. ఆవిడకు అక్కర్లేకపోయింది. ముందుకు వంగింది, పెదాలు గొట్టం చుట్టూ బిగించింది, ఊదింది. తెర మీద గీత నిటారుగా లేవాల్సింది, వాలుగా సాగిపోయింది. నూటికి యాభై రెండు.

"ఎంతొచ్చిందిరా అబ్బాయ్?"

చెప్పాను.

"మొన్న నెత్తురు తీశావు కదా. ఈ మాట అందులో రాలేదా?"

"పొగ ఉందని వచ్చింది పెద్దమ్మా. ఎక్కడి పొగో రాలేదు."

పరీక్ష కాగితం మీద ధూమపానం అన్నచోట లేదు అని అచ్చయి ఉంది. అబ్బాయిని అడిగి కలం తీసుకున్నాను. దాని కింద ఖాళీలో రాశాను: కట్టెల పొయ్యి, 44 ఏళ్లు.